కన్నీటి నాళంలో గొట్టం వేశాక: నెలలకో, ఏళ్లకో తలెత్తే ఇబ్బందులపై తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో ఒక కంటి ఆసుపత్రి ఓపీలో పనిచేస్తున్నాను. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసుకోవలసిన జాగ్రత్తలు రోగులకు చెప్పడం నా పని. ఇచ్ఛాపురం నుంచి రాజాం దాకా, అటు బొబ్బిలి, చీపురుపల్లి నుంచి కూడా మా దగ్గరికి వస్తారు. ఆపరేషన్ అయిన మొదటి వారంలో వచ్చే సందేహాలకు డిశ్చార్జి కాగితంలో ఏదో ఒక జవాబు ఉంటుంది. ఆరు నెలలకో, మూడేళ్లకో "కంటి మూల ఏదో గుచ్చుకుంటోందమ్మా" అంటూ వచ్చేవారి చేతిలో మాత్రం ఆ కాగితమూ ఉండదు. కింది ప్రశ్నలన్నీ అలా వచ్చినవారు అడిగినవే.

అసలు నా కంట్లో వేసింది ఏమిటి?

అద్దం ముందు నిలబడి, ముక్కు వైపు కనుకొలికి దగ్గర కింది రెప్పను కొంచెం కిందికి లాగి చూడండి. రెప్ప అంచున సూదిమొన అంత చుక్క కనిపిస్తుంది. అదే కన్నీటి రంధ్రం. పై రెప్పకూ అలాంటిదే ఒకటి ఉంటుంది. కన్నీరు ఆ రంధ్రాల్లోకి దిగి, సన్న కాలువల గుండా ముక్కు పక్కన ఉన్న కన్నీటి సంచిలోకి, అక్కడి నుంచి నాళం ద్వారా ముక్కులోకి పోతుంది. ఏడిస్తే ముక్కు కారడం, కంట్లో చుక్కలు వేసుకుంటే గొంతులో చేదు తగలడం ఈ దారి వల్లే.

ఈ దారి మూసుకుపోతే కన్నీరు చెంపల మీదికి కారుతుంది. సంచిలో నిలిచిన నీరు కుళ్లి పుసి, చీము పడతాయి. మన దగ్గర ఈ జబ్బు నడివయసు దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. సంచికీ ముక్కుకూ మధ్య ఉన్న ఎముకలో చిన్న కిటికీ తెరిచి కొత్త దారి చేయడమే డీసీఆర్ ఆపరేషన్. ఇటలీ వైద్యుడు టోటి 1904లో చెప్పిన పద్ధతి ఇది. ఇప్పుడు చర్మం మీద గాటు లేకుండా ముక్కులోంచి ఎండోస్కోపుతో కూడా చేస్తున్నారు.

ఆ కొత్త దారి పూడిపోకుండా కొందరికి సిలికాన్ గొట్టం వేస్తారు. సన్న సేమ్యా పోగంత ఉంటుంది. ఒక కొస పై రంధ్రంలోంచి, రెండో కొస కింది రంధ్రంలోంచి ముక్కులోకి దిగుతాయి. కనుకొలికిలో బయటికి కనిపించేది రెండు రంధ్రాల మధ్య ఉన్న చిన్న మలుపు మాత్రమే. రెప్ప చిరిగి కన్నీటి కాలువ తెగినవారికీ, కొందరు పిల్లలకీ ఒకే రంధ్రంలో ఇమిడే పొట్టి గొట్టం వేస్తారు. కాలువలే పూర్తిగా పాడైపోతే గాజు గొట్టం పెడతారు. కళ్లు పొడిబారేవారికి పెట్టేది గొట్టం కాదు, కన్నీరు నిలవడానికి రంధ్రానికి వేసే బిరడా. నాలుగింటి తీరూ వేరు, ఇబ్బందులూ వేరు. మీకు వేసింది ఏదో తెలుసుకుని, కాగితం మీద తెలుగులో రాయించుకోండి.

గొట్టం ఎప్పుడు తీయించుకోవాలి?

డీసీఆర్ తర్వాత వేసిన సిలికాన్ గొట్టాన్ని చాలామంది వైద్యులు ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు తీసేస్తారు. కాలువ తెగి కుట్టిన చోట ఇంకొంత కాలం, ఆరు నెలల దాకా కూడా ఉంచుతారు. మీ తేదీ మీ వైద్యులు చెప్పిందే. గాజు గొట్టాన్ని మాత్రం తీసేయరు, అది ఎప్పటికీ ఉండేది.

ఈ తేదీ గురించి ఇంతగా చెప్పడానికి కారణం మా పిన్ని. కొడుకు పని చేసే ఊరికి వెళ్లినప్పుడు అక్కడి ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. నీరు కారడం ఆగింది, కన్ను తేలికపడింది, పలాస పక్కన సొంత ఊరికి తిరిగి వచ్చేసింది. మూడు నెలలకు గొట్టం తీయాలన్న మాట డిశ్చార్జి కాగితం అడుగున ఇంగ్లీషులో ఒక్క వరుస ఉంది. నోటితో ఎవరూ చెప్పలేదు. నాలుగేళ్ల తర్వాత పండక్కి వెళ్లినప్పుడు, ఎర్రబడిన ఆమె కంటిలోకి ఫోను లైటు వేసి చూస్తే కనుకొలికిలో తడి దారంలా మెరుస్తూ ఏదో ఉంది. కింది రంధ్రం చుక్కలా లేదు, రెప్ప అంచు వెంట గీతలా చీలి ఉంది. అప్పటికి రెండేళ్లుగా మందుల దుకాణంలో చుక్కలు కొనుక్కుని వేసుకుంటోంది.

మన జిల్లాల నుంచి హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లి, అక్కడ ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చేవారు చాలామంది. చేసిన ఆసుపత్రికే మళ్లీ వెళ్లనక్కర్లేదు. గొట్టం తీయడం చిన్న పని, కన్నీటి నాళాల ఆపరేషన్లు చేసే ఏ కంటి వైద్యుడైనా తీస్తారు. ఇంటి గోడ మీది క్యాలెండర్‌లో ఆ నెల కాగితం తిప్పి, తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పెట్టమని నేను అందరికీ చెబుతాను.

నొప్పి లేనప్పుడు ఉంచేస్తే ఏమవుతుంది?

కొందరికి ఏళ్ల తరబడి ఏమీ కాదు. కానీ ఎవరికి కాదో ముందుగా చెప్పలేం.

గొట్టం బిగుతుగా ఉంటే రెప్ప కదిలినప్పుడల్లా రంధ్రాన్ని కొంచెం కొంచెం కోస్తూ పోతుంది. ఉడికిన గుడ్డును దారంతో కోస్తాం కదా, అలాగే. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. చిన్న చీలిక అయితే పెద్ద నష్టం లేదు, పెద్దదైతే కన్నీటిని లోపలికి లాగే శక్తి తగ్గుతుంది.

రెండోది క్రిములు. సిలికాన్ మీద క్రిములు జిగట పొరగా అంటుకుని ఆ పొర చాటున బతుకుతాయి. చుక్కల మందు పైపైన తగ్గించినట్టు కనిపిస్తుంది, ఆపగానే పుసి మళ్లీ మొదలవుతుంది. అరుదుగా క్షయ క్రిమి జాతికి చెందిన, క్షయ కాని మైకోబ్యాక్టీరియా కూడా ఇలా చేరుతుంది. దానికి మామూలు యాంటీబయాటిక్ పనిచేయదు. అందుకే గొట్టం తీశాక కొన్నిసార్లు దాన్నే పరీక్షకు పంపుతారు. గొట్టం ఉన్నంత కాలం చుక్కలు మార్చి మార్చి వేయడం వృథా.

మూడోది, గొట్టం చుట్టూ ముక్కులో కండ పెరిగి, కొత్తగా తెరిచిన దారే పూడిపోవడం. ఏ దారి కాపాడటానికి వేశారో ఆ దారినే ఇది మూసేస్తుంది.

గొట్టం కంట్లోంచి బయటికి జారి, ఉచ్చులా వేలాడుతోంది. ఏం చేయాలి?

లాగకండి. కత్తిరించకండి. ఈ రెండు మాటలూ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, ఎందుకంటే కత్తెర తెచ్చేది సాధారణంగా ఇంట్లోవాళ్లే.

గట్టిగా తుమ్మినా, ముక్కు చీదినా, నిద్రలో కన్ను నులుముకున్నా గొట్టం జారుతుంది. చూస్తే భయం వేస్తుంది కానీ కన్ను పోయేంత ప్రమాదం కాదు. చేతులు సబ్బుతో కడుక్కుని, వేలాడుతున్న మలుపును ముక్కు పక్కన చర్మం మీదికి ఆనించి, మెడికల్ షాపులో దొరికే కాగితం టేపుతో అతికించండి. నల్లగుడ్డుకు రాసుకోకుండా చూడటమే దీని ఉద్దేశం. రాసుకుంటే పైపొర గీసుకుపోయి, మంట పుట్టి, వెలుతురు చూడలేరు. ఆ రోజో మర్నాడో ఆసుపత్రికి వెళ్లండి. చాలాసార్లు ముక్కులోంచి లాగి మళ్లీ సర్దేస్తారు. తేదీ దగ్గరపడి ఉంటే తీసేస్తారు.

ఇంట్లో కత్తిరిస్తే లోపలి ముక్కలు పైకి తన్నుకుపోయి సంచిలోనో కాలువలోనో ఇరుక్కోవచ్చు. అప్పుడు ఐదు నిమిషాల పని మళ్లీ ఆపరేషన్ థియేటర్ దాకా వెళుతుంది.

ముక్కు చీదినప్పుడు గొట్టం పూర్తిగా ఊడి వచ్చేసిందా? పారేయకండి. చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి. అంతా వచ్చిందా, ముక్క మిగిలిందా అన్నది దాన్ని చూస్తేనే తెలుస్తుంది.

కనుకొలికిలో ఎర్రటి కండ పెరిగింది, తాకితే రక్తం వస్తోంది. క్యాన్సరా?

గొట్టం ఉన్నవారిలో ఇది ఎక్కువగా గ్రాన్యులోమా. ఒరిపిడికి శరీరం పెంచుకున్న మెత్తటి కండ. గొట్టం తీసేసి కొన్నాళ్లు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే చాలామందికి కరిగిపోతుంది, మిగిలితే కత్తిరిస్తారు. ఆ చుక్కలు వైద్యులు చెప్పినన్నాళ్లే వేయాలి. బాగుందని నెలల తరబడి కొనుక్కుని వేసుకుంటే కంటిలో ఒత్తిడి పెరిగి గ్లాకోమా రావచ్చు. దానితో పోయిన చూపు తిరిగి రాదు.

కన్నీటిలోనే రక్తం కలిసి వస్తున్నా, కనుకొలికి పై భాగంలో గట్టి గడ్డ తగులుతున్నా సంగతి వేరు. కన్నీటి సంచిలో కణితి అరుదే అయినా ఆ లక్షణాలు దానివి కావచ్చు. స్కానింగ్ చేయించాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్షించాలి.

ముక్కు చీదితే కంట్లోంచి గాలి వస్తోంది. ఆపరేషన్ చెడిపోయిందా?

లేదు, దారి తెరిచే ఉందని అర్థం. సహజంగా ఉండే నాళంలో గాలి పైకి రాకుండా పొరలు ఉంటాయి, కొత్త దారిలో ఉండవు. ఒక్కో ముక్కు రంధ్రాన్నీ విడివిడిగా, మెల్లగా చీదండి.

గొట్టం తీసి ఏడాదైంది, మళ్లీ నీరు కారుతోంది. ఎందుకు?

డీసీఆర్ బాగా ఫలించే ఆపరేషన్. సుమారు పదిమందిలో తొమ్మిదిమందికి ఉపశమనం దొరుకుతుంది. ఆ పదో మనిషికి సాధారణంగా జరిగేది, గాయం మానే క్రమంలో మచ్చకణజాలం పెరిగి కిటికీ కుంచించుకుపోవడం. ముక్కు దూలం వంకరగా ఉన్నా, ముక్కులో పాలిప్ అనే మెత్తటి కండ ఉన్నా, లోపలి గోడలు అతుక్కుపోయినా అంతే. కొన్నిసార్లు కిటికీ బాగానే ఉండి పైన సన్న కాలువ మూసుకుంటుంది.

అయితే నీరు కారిన ప్రతిసారీ దారి మూసుకుందని అనుకోవద్దు. రెప్ప వయసుతో వదులైనా కారుతుంది, కన్ను పొడిబారి మండినా కారుతుంది. తేల్చడానికి మొదటి పరీక్ష సులువైనది. కింది రంధ్రంలోకి మొద్దు సూదితో ఉప్పునీరు ఎక్కిస్తారు. "గొంతులో ఉప్పగా తగిలిందా?" అని అడుగుతారు. తగిలితే నీళ్లు ముక్కులోకి దిగినట్టే. తగలకుండా ఆ నీళ్లు పై రంధ్రంలోంచి చిమ్మితే దారి మూసుకున్నట్టు. మొహమాటపడి తగలకపోయినా తల ఊపేసేవారిని చూశాను. నిజం చెప్పండి, వైద్యం అంతా ఆ జవాబు మీద ఆధారపడి ఉంటుంది. తర్వాత ముక్కులోకి ఎండోస్కోపు పెట్టి కిటికీని నేరుగా చూస్తారు. మూసుకుని ఉంటే మళ్లీ తెరవవచ్చు, రెండోసారి చేసినా చాలామందికి ఫలిస్తుంది.

గాజు గొట్టం వేశారు. జీవితాంతం ఏం చూసుకోవాలి?

దీన్ని జోన్స్ గొట్టం అంటారు. అమెరికా వైద్యుడు లెస్టర్ జోన్స్ 1960లలో పైరెక్స్ గాజుతో వాడుకలోకి తెచ్చారు. కనుకొలికిలోని ఎర్రటి కండ దగ్గర మొదలై నేరుగా ముక్కులోకి దిగుతుంది. కన్నీటి కాలువలు లేనివారికి ఇదే దారి. సరిగా నిలిస్తే ఎంతో సుఖం, కానీ దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉండాలి.

తుమ్ము వస్తున్నప్పుడు కళ్లు గట్టిగా మూసి, వేలితో కనుకొలికిని అదిమి పట్టండి. ఇది అలవాటు కావాలి. ఒక్క తుమ్ముకు గొట్టం ఎగిరిపడి పోగొట్టుకున్నవారు ఉన్నారు. రోజుకు ఒకటి రెండుసార్లు కంట్లో వైద్యులు చెప్పిన చుక్కలు వేసుకుని, నోరు మూసి, ముక్కు పట్టుకుని గాలి లోపలికి పీల్చినట్టు చేయండి. నీరు గొట్టంలోంచి గొంతులోకి దిగడం తెలుస్తుంది. లోపల పేరుకునే జిగురు అలా కడుక్కుపోతుంది. జలుబు చేసినప్పుడు కొన్నాళ్లు కన్ను కారితే కంగారుపడకండి.

లోపలికి కుంగిపోయి కండ కింద దాక్కోవడం, బయటికి జారి గుడ్డుకు రాసుకోవడం, పక్కకు ఒరగడం, ఎప్పుడో ఒకసారి పగలడం దీని తరచు ఇబ్బందులు. ఏడాదికి ఒకసారైనా చూపించుకుంటే శుభ్రం చేస్తారు, అవసరమైతే కొలత మార్చి వేరేది వేస్తారు. ఊడిపోతే మాత్రం రేపు మాపు అనకండి. గొట్టం లేని దారి త్వరగా పూడుకుపోతుంది. దొరికిన గొట్టాన్ని శుభ్రమైన డబ్బాలో పెట్టుకుని అదే రోజు బయలుదేరండి.

పొడి కళ్లకు బిరడా పెట్టారు. అది కనిపించడం లేదు, కన్ను మాత్రం ఎర్రగా ఉంది.

ఊడిపోయి ఉండవచ్చు. అది మంచిదే, మళ్లీ వేయవచ్చు. లోపలికి జారి ఉంటే ఏళ్ల తర్వాత కాలువలో వాపు తెస్తుంది. ఒకే కంటికి పదే పదే కండ్లకలకలా ఎర్రదనం, పుసి, రంధ్రం ఉబ్బి పెదవిలా పొడుచుకు రావడం, నొక్కితే పసుపు రంగు నూకల్లాంటివి బయటపడటం దాని గుర్తులు. ఇది చుక్కలతో పోదు. కాలువను కొద్దిగా తెరిచి, బిరడానూ ఆ నూకలనూ తీసేయాలి. పదేళ్ల కిందట బిరడా పెట్టించుకున్నా సరే, కొత్త వైద్యుడికి ఆ మాట చెప్పండి.

కంటి శిబిరంలో శుక్లాల ఆపరేషన్‌కు పేరు ఇచ్చాను. గొట్టం సంగతి చెప్పాలా?

తప్పకుండా. అసలు మొట్టమొదట చెప్పవలసింది ఇదే. కన్నీటి సంచిలో చీము ఉండగా శుక్లం తీస్తే ఆ క్రిములు కంటి లోపలికి చేరి చూపు మొత్తం పోవచ్చు. అందుకే శుక్లాల ఆపరేషన్‌కు ముందు కనుకొలికిని నొక్కి చూస్తారు, అనుమానం ఉంటే ఉప్పునీరు ఎక్కించి చూస్తారు. "ముందు నీళ్ల సంచి సంగతి చూసుకుని రండి" అని వెనక్కి పంపితే నొచ్చుకుని, వేరే శిబిరానికి వెళ్లి ఈ విషయం దాచినవారిని ఎరుగుదును. దయచేసి అలా చేయకండి. మిమ్మల్ని వెనక్కి పంపినవారు మీ కన్ను కాపాడారు.

మాది ఉద్దానం. కిడ్నీ జబ్బు ఉంది. ఈ మందులు వాడవచ్చా?

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చేవారిని ఇది మేమే ముందు అడుగుతాం. వాపుకు, నొప్పికి అలవాటుగా వేసుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కిడ్నీలకు చేటు. కొన్ని యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గించాలి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి, గొట్టం తీయడం, కండ కత్తిరించడం వంటివి ఏ రోజు పెట్టుకోవాలో ఇద్దరు వైద్యులూ మాట్లాడుకోవాలి. గుండె జబ్బుకు రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారూ ఆ చీటీ తెచ్చి చూపించండి. సొంతంగా ఆపేయకండి.

బాబుకు గొట్టం వేశారు. పీకేసుకుంటాడేమో?

పీకేసుకునే పిల్లలు ఉన్నారు. మొదటి వారాల్లో నిద్రపోయేటప్పుడు చేతులకు మెత్తటి గుడ్డ తొడుగులు వేయండి. కంటి కొలికిలో కాటుక పెట్టవద్దు. ఆ మసి రంధ్రాల్లో పేరుకుంటుంది. చనుబాలు, ఆకుపసరు, ఆముదం కంట్లో వేయవద్దు. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెడితే చల్లగా ఉంటుందేమో కానీ గొట్టం ఉన్న కంటి మీద అదీ వద్దు.

చెరువు స్నానం, జీడి బట్టీలో పని?

గొట్టం ఉన్నన్నాళ్లు చెరువులో, వంశధారలో తల ముంచి స్నానం మానండి. చెరువు నీళ్ల వల్ల రైనోస్పోరిడియం అనే క్రిమి ముక్కులోనూ కన్నీటి సంచిలోనూ చేరి, ముట్టుకుంటే రక్తం కారే కండ పెంచుతుంది. జీడిపిక్కలు కాల్చే చోట పొగ కంటిని మండించి నీరు పెంచుతుంది. పనిలో అద్దాలు పెట్టుకోండి, పిక్కనూనె అంటిన చేతులతో కన్ను తాకకండి.

ఎమ్మారై తీయించుకోవచ్చా?

సిలికాన్, గాజు రెండూ లోహాలు కావు. తీయించుకోవచ్చు. గొట్టం ఉందని మాత్రం చెప్పండి.

ఏ లక్షణం కనిపిస్తే రాత్రి అని చూడకుండా బయలుదేరాలి?

చూపు మసకబారడం, కన్ను ముందుకు పొడుచుకు రావడం, గుడ్డు తిప్పితే నొప్పి, జ్వరంతో పాటు కన్ను చుట్టూ ఎర్రటి వాపు. వీటిలో ఏది ఉన్నా చీము కంటి వెనక్కి పాకుతోందేమో చూడాలి. ముక్కు పక్కన గడ్డ ఎర్రగా ఉబ్బితే ఊళ్లో ఎవరి చేతా గాటు పెట్టించవద్దు. అది మానక, చెంప మీద చిల్లుపడి, అక్కడి నుంచే కన్నీరు కారుతూ ఉంటుంది. ముక్కు నుంచి రక్తం కారితే తల ముందుకు వంచి, మెత్తటి భాగాన్ని పదిహేను నిమిషాలు గట్టిగా పట్టుకోండి. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలి?

శ్రీకాకుళం, విజయనగరంలలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల కంటి విభాగంలో మొదట చూపించుకోవచ్చు. విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. మళ్లీ మళ్లీ మూసుకుపోయే చిక్కు కేసులకు హైదరాబాదు దాకా వెళ్లవలసి రావచ్చు. కన్నీటి నాళాల పరిశోధనకు 2019లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం పొందిన డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీ పనిచేసేది అక్కడి ఎల్వీ ప్రసాద్ సంస్థలోనే. ప్రభుత్వ పథకం కింద ఖర్చు వస్తుందా అన్నది ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

తీసేటప్పుడు నొప్పి ఉంటుందా?

పెద్దవాళ్లకు మత్తు ఇంజెక్షన్ అక్కర్లేదు. కంట్లో తిమ్మిరి చుక్కలు వేస్తారు, ముక్కులో మందు చిమ్ముతారు. కనుకొలికిలోని మలుపును చిన్న కత్తెరతో ఒక్కచోట కత్తిరిస్తారు. తర్వాత ముక్కులోంచి పట్టుకారుతో లాగుతారు, లేదా మిమ్మల్నే చీదమంటారు. లోపల ఏదో జారినట్టు అనిపిస్తుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి, అంతే. పిల్లలకు వేసిన గొట్టాన్ని బట్టి కొన్నిసార్లు మత్తు అవసరమవుతుంది.

తీసిన గొట్టాన్ని గాజుగుడ్డ మీద పెడతారు. చూపించమని అడగండి. ముక్క ఏదీ లోపల మిగల్లేదని మీ ముందే తేల్చుకోండి. పిన్నికి తీసిన రోజు నేను పక్కనే ఉన్నాను. నాలుగేళ్లకు పసుపు పచ్చగా మారి, నలిగిన దారంలా ఉంది. వేలితో తాకి చూసి, "ఇంతేనా అమ్మా!" అంది.